కమీషన్ మాట

మా ఆడబిడ్డ వనపర్తిలో మా వీధి చివరే ఉంటుంది. వంటసామాను చూపిస్తూ ఫోన్‌లో వీడియోలు పెడుతుంది. కింద ఒక లింకు ఉంటుంది. దాన్ని నొక్కి ఎవరైనా కొంటే ఆమెకు కమీషన్. ఆ సంగతి నోటితో ఎన్నడూ చెప్పేది కాదు. అన్నిటికన్నా అడుగున, ఎవరూ దిగని లోతులో, ఇంగ్లీషులో ఒక్క ముక్క పడేసి ఊరుకునేది.

ఈ మధ్య లింకులిచ్చే కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చింది. కమీషన్ సంగతి మొదట్లోనే, మాట్లాడే భాషలోనే, తేటగా చెప్పాలని రూలట. లేకుంటే లింకులు తీసేస్తారట.

ఆమె దిగులు వేరే. చూసేవాళ్లలో సగం మంది గట్టు, పెద్దమందడి ఊళ్ల వైపు చుట్టాలే.

"వదినా, నేను ప్రేమతోని చెప్తున్న అనుకుంటున్నరు వాళ్లు. గీ మాట చెప్తే దళారి అంటరు. ఇగ నన్ను ఎవరు నమ్ముతరు?"

"దళారిని తక్కువ చెయ్యకు. సంతల ఎద్దుల బేరం తువ్వాల కింద వేళ్లు పట్టి చేస్తడు. ధర దాస్తడు గని, నడుమ తనున్నడని దాస్తడా? నువ్వు ధర చూపెట్టి నిన్ను దాచుకుంటున్నవ్."

"నువ్వు కాలేజీకి చదువనీకి పోయినవా, కొట్లాడనీకి పోయినవా?"

"రెండిట్ల పాసైన."

పాత జొన్నరొట్టె పెనం వీడియోనే మళ్లీ తీయడానికి కూర్చుంది. కమీషన్ మాట మొదటిసారి గొణిగింది. రెండోసారి సరిగ్గా ఆ మాట దగ్గరే గంటెతో పెనాన్ని మోగించింది. నేను గంటె లాక్కున్నాక గానీ మాట బయటపడలేదు.

మర్నాడు గట్టు నుంచి వాళ్ల పెద్దమ్మ ఫోన్. నాకూ వినబడేలా స్పీకర్‌లో పెట్టింది.

"ఏమే, మేం కొంటే నీకు కమీషన్ వస్తదంట?"

ఆడబిడ్డ నావైపు చూసిన చూపుకు రొట్టె కాలేది. "అవు పెద్దమ్మా."

"ముందుగాల చెప్పొద్దా? నీ మాట మీద గదే పెనం గద్వాల దుకాణంల కొంటి. వాపసిచ్చి నీ లింకు నొక్కాల్నా?"

గెలిచానని తల ఎగరేశాను. తొందరపడ్డాను.

"గని ఒకటి చెప్పు బిడ్డా. మంచిదన్నది కమీషన్ కోసమా, నిజంగనా?"

"పెనం మంచిదే పెద్దమ్మా. పిడి జర వదులు."

"నాది ఊడనే ఊడె. తీగ చుట్టుకున్న. గా మాట వీడియోల లేదేంది?"

పిడి సంగతి రూలు అడగలేదు మరి.

ఆమె మళ్లీ కెమెరా ముందు కూర్చుంది. కమీషన్ మాట గొణక్కుండా చెప్పి, వెంటనే పిడి పట్టుకుని ఊపి చూపించింది.

ఆ సాయంత్రమే పెద్దమ్మ మళ్లీ చేసింది. "కుక్కర్ కొనాలె. ఏది మంచిదో నువ్వే చెప్పు."

"జర ఆగు పెద్దమ్మా," అంది మా ఆడబిడ్డ. "ముందు నేను వాడి చూస్త."