నేను నొక్కి పారేసిన మాత్రలు

నాలుగేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఊరందరిచేతా మాత్రలు మింగించినదానికి తగిన రోగమే. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది విశాఖ ఒడ్డున ఒక జాలరిపేట. మూడు రోజులు శిక్షణ ఇచ్చి నన్ను టీబీ వాలంటీరును చేశారు. శిక్షణ మూడు రోజులే. శిక్ష ఎన్నాళ్లో చెప్పలేదు. చదివింది తొమ్మిది, నడక మాత్రం డాక్టరమ్మది. పని తేలికే. రోగి నా ఎదుట మాత్ర మింగితే కార్డులో టిక్కు పెట్టాలి. వేటకు పోయేవాళ్లకు మాత్రలు ముందే ఇచ్చి, తిరిగొచ్చాక ఖాళీ మాత్రల రేకులు చూసి టిక్కు పెట్టాలి.

నా రోగుల్లో నూకరాజు బోటెక్కితే పదిహేను రోజులకు గాని ఒడ్డు చూడడు. ఒకసారి రేకులు ఇచ్చినవి ఇచ్చినట్టే తిరిగి తెచ్చాడు.

“ఇదేటి రాజూ, ఒక్కటీ మింగనేదేటి?”

“ఇవేసుకుంటే ఉచ్చ ఎర్రగొత్తంది వదినా. బోటు మీద సాటేటుంది, అందరూ సూత్తారు. బోటు నడిపే సరంగుకి తెలిత్తే మళ్లీ నన్నెక్కించుకోడు. దగ్గు తగ్గిపోనాది గదా, నువ్ టిక్కులెట్టీ.”

మాత్రలు పంపే ఆసుపత్రి నర్సమ్మకు ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆమె సరంగుతో మాట్లాడేది. చెప్పలేదు. జాలి అని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. జాలేనా? ఆ నెల కార్డులన్నీ నిండిన వాలంటీర్లకు శాలువా కప్పుతామన్నారు, నా కార్డుల్లో వెలితి అతనిదొక్కటే. అతను వెళ్లాక రేకులు ముందేసుకుని కూర్చుని, మాత్రలన్నీ ఒక్కొక్కటే నేనే నొక్కి తీసి, ఇసుకలో కప్పెట్టాను. తర్వాతి రెండు వేటలకూ అంతే. శాలువా బాగానే ఉంది. విశాఖ ఉక్కకు అదెందుకో, నాకెందుకో.

ఏడాది తిరక్కుండా రాజు రక్తం కక్కాడు. మధ్యలో మానేసరికి జబ్బు మొండిదైంది, ఈసారి ఆ మాత్రలు పనిచేయలేదు. డాక్టరు నా కార్డు చూసి, అన్నీ సక్రమంగానే వేసుకున్నాడే అని ఆశ్చర్యపోయాడు. రాజు పోయాడు. మందు వేసుకునే పోయాడంది ఊరు, తాగుడనుకుని. వేసుకోకే పోయాడని నాకు తెలుసు.

పెద్దకర్మనాడు అతని భార్య పోలమ్మ నా చెయ్యి పట్టుకుంది. “తాగుడే తినీసిందంటన్నారప్పా. నీ కళ్లముందే మింగినాడు గదా?”

“నా కళ్లముందే,” అన్నాను.

ఇప్పుడు పోలమ్మకూ అదే దగ్గు. మొగుడి మాత్రలకు లొంగని ఆ జబ్బే ఆమెకూ అంటుకుంది. రోజూ మా గుమ్మంలో కూర్చుని గుప్పెడు మాత్రలు మింగి, నేను నేర్పినట్టే నోరు తెరిచి చూపిస్తుంది. నేను చూస్తాను. టిక్కు పెడతాను. ఈ టిక్కుల్లో ఒక్కటీ దొంగది కాదు. అయితే ఏం?

మీకు చెప్పాక గొంతు కొంచెం తెరిపిన పడింది. రేపు పొద్దున్న మళ్లీ ఆమె నోరు తెరుస్తుంది. తెరవాల్సింది నేను.