మోయని నీళ్లు

మా అత్తమ్మ పోయింది. వానలు తెచ్చే మిరుగం కార్తెకు ఇంకా నాలుగు రోజులుందనగా, రోహిణి ఎండకు రోళ్లు పగులుతున్న పూట, వరండాలో మంచం మీదే పోయింది. పొద్దున చాయ్ సగం తాగి, మిగతా సగం "చల్లారినంక తాగుత" అని గ్లాసు పక్కన పెట్టించింది. నేను కూర తాలింపు పెట్టి వచ్చేసరికి చాయ్ చల్లారింది, ఆమె లేదు. తొంభై దాటిన మనిషి, ఎవరితో చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు అని వచ్చినవాళ్లందరూ అన్నారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ సగం చాయ్ పారబోయడానికి చేతులు రాలేదు.

జనగామ పక్కనున్న మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు మా వాకిట్లో కుంట చూసి ఆగుతారు. నాలుగు మంచాలు వేసేంత జాగా, నడుము లోతు, చుట్టూ రాళ్ల వరస. వానలు పడ్డప్పటి నుంచి చలికాలం పోయేదాకా ఎర్ర కలువలు పూస్తాయి. ఎండలు ముదిరితే అది ఉత్త గుంత. మట్టి పగుళ్లు బారుతుంది, కోళ్లు అందులో దుమ్ము పోసుకుంటాయి. బోరుంది కదా, మోటరుంది కదా, ఎందుకు నింపరు అని అందరూ అడుగుతారు. ఆ ప్రశ్న అందరికంటే ముందు అడగాల్సింది నేను. అడగకుండా పని చేసి తిట్లు తిన్నాను.

నాది గార్ల పక్క ఊరు. పెళ్లయి వచ్చిన మొదటి ఎండాకాలం అత్తమ్మ తొర్రూరులో చుట్టాల పెళ్లికి పోయింది. కొత్త కోడలిని, మెప్పు కొట్టేయాలన్న యావ ఉంటుంది కదా. పాపం ఓపిక లేక కుంట ఎండబెట్టిందనుకున్నాను. పొద్దంతా బావి నుంచి బిందెలు మోశాను. సాయంత్రానికి నా మెడ పట్టేసింది, కుంటలో మోకాలు లోతు నీళ్లు నిలిచాయి. అత్తమ్మ బస్సు దిగి వచ్చి కుంట చూసింది, తడిసిన నా కొంగు చూసింది.

"ఎవరు మోయమన్నరు నిన్ను?" అంది.

మెల్లగానే అడిగింది, అయినా నేను ఎన్నడూ అంత భయపడలేదు. "ఎవ్వరు మోయమనలేదత్తమ్మా, నేనే మోసిన" అన్నాను.

"గీ ఇంట్ల కుంటకు నీళ్లు మోసుడు లేదు. ఇంకోపారి మోస్తివా, గీ కుంటనే పూడిపిస్త" అని లోపలికి పోయి తలుపేసుకుంది. నేను పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. పుట్టింటికి పోదామని మూట కూడా కట్టుకున్నాను.

మర్నాడు ఆమే ఆముదం గిన్నె తెచ్చుకుని నా వెనక కూర్చుంది. నా మెడకు నూనె రాస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ముఖం కనబడకుండా కూర్చుంటేనే ఆమె అట్లాంటి మాటలు చెప్పగలిగేదని తర్వాత తర్వాత నాకు అర్థమైంది.

ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు పద్నాలుగేళ్లు నిండలేదు. అప్పుడు దొర గడీలో, తోట మధ్య, గచ్చు చేసిన కుంట ఉండేది. ఎండాకాలం అందులో నీళ్లు తగ్గకూడదు. ఇంటికో మనిషి వంతులవారీగా వెట్టికి పోయి నింపాలి. మా ఇంటి వంతు ఆమె మెడ మీద పడింది. "పొద్దుగాల దొర ఇంట్లకు నీళ్లు, ఎండెక్కినంక కుంటకు నీళ్లు. మేం కుంట కాడికి పొయ్యేటాళ్లకు పూలన్ని ముడుసుకునేటియి. రెండెండకాలాలు మోసిన బిడ్డా, ఒక్క పువ్వు ఇచ్చుకున్నది సూడలే" అంది.

తర్వాత వెట్టి చేయొద్దని దొరల మీద కొట్లాడే సంఘం ఊళ్లోకి వచ్చింది. ఒక రోజు తెల్లారేసరికి దొర బండ్లు కట్టుకుని పట్నం పోయాడు. జనం గడీ తలుపులు తోసుకుని లోపలికి పోయారు. వడ్లు తెచ్చుకున్నవాళ్లు వడ్లు, బిందెలు తెచ్చుకున్నవాళ్లు బిందెలు. మా అత్తమ్మ కుంటలోకి దిగి, కాలి వేళ్లతో బురద వెతికి, ఒక కలువ దుంప పట్టుకొచ్చింది. "ఊరంత వడ్లు తెచ్చుకుంటె మా కోడలు బురద తెచ్చింది" అని వాళ్ల అత్త ఊరంతా చెప్పి నవ్విందట. ఆ దుంపను కుడితి గోలెంలో దాచుకుని, ఇంట్లో కుంట తవ్వాలని పట్టు పట్టింది. దానికి ఒక్కటే షరతు, తనకు తానే పెట్టుకుంది. ఆ కుంటకు మనిషి మెడ తగలకూడదు.

మోయకుండా నిండాలంటే నీళ్లే నడిచి రావాలి. తొలి వానకు ఆమె గొంగడి కప్పుకుని వాకిట్లో కూర్చుందట, వాన వెలిసేదాకా. ఏ చూరు నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూసింది. "జాగ వానల సూడాలె. ఎండల సూస్తె అన్ని జాగలు ఒక్క తీర్గనె ఉంటయి" అనేది. ఈ మాట మనుషుల గురించి కూడా అనేది. మా అమ్మాయికి సంబంధాలు చూసేటప్పుడు అదే మాటతో ఇద్దరు పిల్లగాళ్లను వెనక్కి పంపించింది. నాకు చిర్రెత్తింది కానీ, ఇప్పుడు మా అల్లుణ్ని చూస్తే ఆమె మాటే గెలిచిందనిపిస్తుంది.

నీళ్లు చేరే మూలలోనే తవ్వింది. మొదటి ఏడాది కుంటలో నీళ్లు నిలవలేదు. ఎర్ర చెలక నేల, సాయంత్రం నిండిన నీళ్లను తెల్లారేసరికి తాగేసింది. మరుసటి ఎండాకాలం మా మామ చెరువు ఎండినప్పుడు నల్లటి ఒండ్రుమట్టి బండి మీద తోలుకొచ్చాడు. దాన్ని కుంట అడుగున పరిచి, తడిపి, బర్రెలతో తొక్కించారు. వాకిలంతా చెక్కి కుంట వైపు వాలు చేశారు. ఆ వానాకాలం నీళ్లు నిలిచాయి. దుంప చిగురించి మొగ్గ వేసింది.

ఆ వారమే తుపాకులు పట్టుకున్నోళ్లు వచ్చారు. ఎవరి మనుషులో అత్తమ్మ ఎన్నడూ చెప్పలేదు, అందరినీ "తుపాకులోళ్లు" అనే పిలిచేది. ఆ రోజుల్లో వాకిట్లో గుంత తవ్వితే ఎవరికైనా అనుమానమే. అడుగున ఏం దాచారని అడిగారు. పువ్వు కోసం తవ్వినమంటే నమ్మలేదు. ఆమె చేతికే బకెటు ఇచ్చి కుంటంతా తోడించారు. బురదలోకి కత్తులు దించి చూశారు, ఏమీ దొరకలేదు. మొగ్గ వాళ్ల కాళ్ల కింద పోయింది. "దొర నింపమన్నడు, ఈళ్లు తోడమన్నరు. నా మెడకు రెండు ఒక్కటే" అంది, నా మెడ మీద చేయి ఆపి.

మూడో ఏట పువ్వు విచ్చుకోవడం చూసింది. అప్పటి నుంచి పూలున్నన్నాళ్లు, పొద్దున వేపపుల్ల నోట్లో పెట్టుకుని కుంట ఒడ్డున కూర్చోవడం ఆమె అలవాటు. పూలు ముడుచుకునే దాకా ఎవరు పిలిచినా పలకదు. కూలికి వచ్చిన ఆడవాళ్లను కూడా ముందు అక్కడ కూర్చోబెట్టేది. "పూలు ఇచ్చుకున్నయి, సూసి పోండ్రి, చేను ఏడికి పోదు" అనేది. పని ఆలస్యమవుతోందని నేను లోపల సణుక్కునేదాన్ని. ఒక్కరోజైనా ఆమె పక్కన కూర్చుని పూర్తిగా చూడలేదు.

ఈ ఎండాకాలం ఆమె మంచం పట్టాక, పూలు చూడకుండానే పోతుందేమోనని నాకు ఒక్కటే రంధి. వానల దాకా ఉండదని డాక్టరు చెప్పకనే చెప్పాడు. ఒకరోజు పక్కన కూర్చుని అన్నాను, "అత్తమ్మా, మోటరు పెట్టి కుంట నింపుతా. ఎవ్వరు మోయరు, పైపే మోస్తది. దుంప లేచి పూస్తదేమో, సూద్దువు."

ఆమె నవ్వింది. "నాకు సూడాలని లేదు బిడ్డా. ముడుసుకున్నప్పుడు సూసిన, ఇచ్చుకున్నప్పుడు సూసిన. నీకు సూపియ్యాలని ఉన్నది."

"ఉన్నది. కోడలుగ వచ్చినకాడి నుంచి ఉన్నది" అన్నాను.

"ఉండనియ్యి" అని నా చేయి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

చనిపోయిన రోజు ఆమెను వాకిట్లో పందిరి కింద పడుకోబెట్టారు. చివరి స్నానానికి పైపు నీళ్లు పనికిరావు, కోడలు బావి నుంచి తేవాలని పెద్దవాళ్లు అన్నారు. అరవై దాటిన మెడతో నెత్తిన బిందె పెట్టుకుని మోశాను. పసుపు రాసి నీళ్లు పోశాం. ఆ నీళ్లు ఆమె చేసిన వాలు పట్టుకుని కుంటలోకి పారాయి. పగుళ్లలోకి దిగుతుంటే బుడబుడమని చిన్న చప్పుడు వినబడింది, కోళ్లు లేచి పక్కకు జరిగాయి. నేను ఖాళీ బిందె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఎవరు మోయమన్నరని అడుగుతుందేమోనని, అలవాటు కొద్దీ ఆమె ముఖం వైపు చూశాను. అడగలేదు. ఇంకో బిందె తేవడానికి బావి వైపు నడిచాను.