రెండు బిందెల క్రమశిక్షణ

ఆ రోజుల్లో నా వయసు ఇరవై రెండు, నా గొప్పతనానికి మాత్రం నిండా నూరేళ్లు. టేకులపల్లి అవతల అడవిలో ఒంటిగది బడికి విద్యా వాలంటీరుగా వెళ్లాను. (చొక్కా ఇస్త్రీ మడతతో ఉల్లిగడ్డలు తరగొచ్చు, అంత వాడి.) రోజూ నా చరిత్రే మొదటి పాఠం. "మణుగూరు బొగ్గుగని కాలనీల మీ అంత ఉన్నప్పుడు పొద్దున ఐదింటికే లేచేటోణ్ని. పదేళ్లల్ల ఒక్కనాడు లేటు కాలె. అంతా సొంత కష్టం!" పిల్లలు ఆవలించకుండా వినేవారు, అదీ వాళ్ల గొప్పతనం.

వాగవతలి గూడెం నుంచి వచ్చే ఐదో తరగతి పిల్ల ఒక్కతి మాత్రం ఆ పాఠం ఏనాడూ వినలేదు. అది ముగిశాకే వచ్చేది మరి! 'లేటమ్మ' అని పేరు పెట్టింది నేనే. లెక్కల్లో నన్నే దిద్దే పిల్ల. హాస్టలు బడిలో సీటు రావాలంటే నా ఉత్తరం కావాలి, లేకపోతే చదువు ఐదుతో సరి. ఆ ఉత్తరంలో "క్రమశిక్షణ లేదు" అని రాయబోతున్నానని తెలిసి, మధ్యాహ్నం అన్నం వండే అక్క గరిటెతో సహా లోపలికి వచ్చేసింది.

"ఏంది సారూ, చిన్నప్పుడు నిన్ను లేపిందెవరు?"

"గని సైరన్."

"తానానికి నీళ్లు?"

"కాలనీ నల్లా."

"బడికి?"

"కంపెనీ బస్సు."

"అవ్, కంపెనీ లేపె, కంపెనీ తానం పోసె, కంపెనీ మోసుకపాయె. గిండ్ల నీ కష్టమేడుంది?"

చాలాసేపు వెతికి, "బస్సు దాకా నడిచిన" అన్నాను. (నలభై అడుగులు. వానొస్తే నాన్న గొడుగు.)

"రేపొక్క దినం ఆ పిల్ల ఇంటికాణ్నుంచి నడిచి రా. గప్పుడు రాయి."

మర్నాడు తెల్లారేసరికి బైకు వాగొడ్డున వదిలి గూడెం చేరాను. "ఇయ్యాల నీ పని నాది" అంటే లేటమ్మ అనుమానంగా చూసి రెండు బిందెలు అప్పగించింది. వాగు ఇసుకలో తవ్విన చెలిమెలో నీళ్లు ఊరే వేగానికి నాకు గడ్డం పెరిగింది. అట్లా మూడు తడవలు. తర్వాత మేకల్ని తాత దగ్గరికి తోలాలి. అవే నన్ను తోలాయి. ఈలోగా ఆ పిల్ల సంచి తగిలించుకుని, "నేను పోతున్న, లేటైతే సారు తిడ్తడు!" అంటూ ఉరికింది. తిట్టే సారు మేకల మధ్య ఉన్నాడన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

వాగులో ఒక చెప్పు పోగొట్టుకుని, అక్క మాట ప్రకారం బైకు ముట్టకుండా నడిచి బడి చేరేసరికి పదకొండు. మండలం నుంచి తనిఖీకి వచ్చిన పెద్దసారు నా కుర్చీలో ఉన్నారు. లేటమ్మ బోర్డు దగ్గర నిలబడి ఎక్కాలు చెప్పిస్తోంది. బిందెలు నా నెత్తికెక్కిన ఆ ఒక్కరోజు, గంట కొట్టకముందే వచ్చిందట! "మీకు టైమంటే తెలుసా?" అంటూ పెద్దసారు నాకు మెమో రాశారు. అక్క గరిటె అడ్డం పెట్టుకుని నవ్వింది.

అక్కడే నిలబడి ఉత్తరం రాశాను. "ఈ అమ్మాయి రోజూ నాకంటే మూడు గంటల ముందు పని మొదలుపెడుతుంది." సీటు వచ్చింది.

ఇప్పుడెవరైనా సభలో నన్ను 'స్వశక్తితో ఎదిగినవారు' అని పరిచయం చేస్తే ఇంటికొచ్చి ఆ మెమో తీసి చదువుకుంటాను. ఇరవై రెండేళ్ల నాటి నాలోని ఆ కుర్రాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. నా గురించి ఇన్నేళ్లలో రాసిన కాగితాల్లో పూర్తిగా నిజమైనది అదొక్కటే.