ఒక్క సెక్టార్ అబద్ధం

పోర్టు యార్డులో లారీలు తూచే కాటా దగ్గర మా కంపెనీ పెట్టిన కంప్యూటర్‌కి ఒక యూఎస్‌బీ డిస్కు ఉండేది. ఒట్టి అబద్ధాలకోరు డిస్కు. సమాచారం దాచుకునే గళ్ళు, అదే సెక్టార్లు, నీలో ఎన్నున్నాయని అడిగితే ఒకటి ఎక్కువ చెప్పేది. లేని ఆ చివరి సెక్టార్‌ని చదవబోతే బిగుసుకుపోయేది. వెనక లారీలు హారన్లతో చెవులకి చిల్లులు పొడిచేవి.

దీన్ని ఎక్కడ బాగుచెయ్యాలో నాకు తెలుసు. పరికరాలతో నేరుగా మాట్లాడేది కెర్నెల్, కంప్యూటర్‌ని నడిపే అసలు ప్రోగ్రాం. ఇలాంటి మాయదారి పరికరాలకి అందులో ఒక జాబితా ఉంటుంది. ఈ డిస్కు నంబరు వేసి, ఇది చెప్పినదాంట్లోంచి ఒకటి తీసెయ్యమని ఒక్క వరుస రాస్తే చాలు. రాశాను. కాటా ఆపరేటర్ ఎదుటే, ఆయన కంప్యూటర్ మీదే నడిపాను. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

"బాగైపోనాది బావ! ఇంక నాకేటి బెంగ?" అన్నాడాయన.

మర్నాడే మా సీనియర్ దాన్ని తీయించేశాడు. "కెర్నెల్ ముట్టుకుంటే మొత్తం మళ్ళీ టెస్ట్ సెయ్యాల. ఎవుడు సంతకం పెడతాడు? పైనుంచి ఓ స్క్రిప్టు రాసి పడెయ్ బావ" అన్నాడు. డిస్కు బిగుసుకున్నప్పుడల్లా దానికి కరెంటు ఆపి మళ్ళీ ఇచ్చే చిన్న ప్రోగ్రాం అన్నమాట. ఆ కాసేపట్లో తూచిన బరువులు డిస్కులోకి చేరకుండానే పోతాయని మొత్తుకున్నాను. "ఒకటీ అరా పోతే ఏటవుద్ది?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. అలా మండిపోతూనే కూర్చుని ఆ స్క్రిప్టు రాసింది మాత్రం నేనే.

ఆ ఒకటీ అరా పోయాయి. డబ్బు తిని తూచకుండా లారీలు వదిలేస్తున్నాడని కాటా ఆపరేటర్ మీద పోర్టువాళ్ళు విచారణ వేశారు. కంప్యూటర్ పెట్టినవాళ్ళని అడగండి సార్ అని ఆయన ప్రాధేయపడ్డాడట. అడిగారు. ఫోన్ నా చేతిలో ఉంది, సీనియర్ ఎదురుగా నిలబడి వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. "మావైపు అంతా బాగానే ఉందండి" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి. ఆయన్ని సస్పెండ్ చేశారు.

మూడు వారాలు నోరు మూసుకున్నాను. ఎందుకంటే భయం, ఇంకేం లేదు. చివరికి డిస్కుకి కరెంటు ఎప్పుడెప్పుడు ఆగిందో కంప్యూటర్ రాసుకున్న చిట్టా అంతా ప్రింటు తీసి విచారణ అధికారి బల్ల మీద పెట్టాను. పోయిన బరువుల వేళలు దానితో అచ్చంగా సరిపోయాయి. సీనియర్ నన్ను తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడన్నాడు. నేను తిరిగి అన్నది ఇక్కడ రాయలేను.

ఆపరేటర్‌ని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. కెర్నెల్‌లో ఆ వరుస నా చేత్తోనే వేసి, యార్డుకి వెళ్ళి ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

కాటా మీదకి వస్తున్న లారీనే చూస్తూ అన్నాడు: "మూడు ఆదివారాలు మా ఆవిడ సర్చికి ఎల్లనేదు బావ. దొంగోడి పెళ్ళామంతారని."