ముందు బ్రేకు ముట్టని ఏసేపు

బేతంచెర్ల దాటి కొంచెం దూరం పోతే వచ్చే పల్లెలో, బండి నడపడం వచ్చిన మగవాళ్ళలో సగం మందికి గురువు ఏసేపే. పగలంతా పాలిషింగ్ ఫ్యాక్టరీలో నాపబండలు కోసే మిషన్ దగ్గర నిలబడతాడు. సాయంత్రమైతే ఎవరో ఒకరు బండి తోసుకుంటూ అతని ఇంటిముందుకు వస్తారు. అతను చెప్పే మొదటి పాఠం ఒక్కటే. ముందు బ్రేకు ముట్టుకోవద్దు, ముట్టుకున్నావంటే ఎత్తి పారేస్తుంది. మాటతో ఆగక, పానా తీసి ఆ బ్రేకు తీగను వదులు చేసి మరీ పంపించేవాడు. అతనికి అట్లా నేర్పినవాడెవడో, ఆ మహానుభావుడికో దండం. చుట్టుపక్కల పల్లెల్లో అందరూ అదే మాట అనేవాళ్ళు. ఎందుకని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

కొన్నేళ్ళ కిందట పాత వంద సీసీ బండి తీసేసి పెద్ద ఇంజనుది తెచ్చాడు. దాని పికప్ గురించి కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆదివారం భార్య జ్ఞానమణిని వెనక కూర్చోబెట్టుకుని చర్చికి పోతుంటే లారీలన్నీ వెనకబడాల్సిందే. మెల్లగా పొమ్మని ఆమె వీపు మీద తట్టేది. బండి నా చేతిలోనే ఉంది కదా అని నవ్వేవాడు. అది ఎంత బలంగా పరుగెత్తుతుందో చూసుకున్నాడే గానీ, అంత పరుగును ఆపడం ఎట్లాగని ఒక్కనాడూ ఆలోచించలేదు.

లారీల చక్రాలు ఫ్యాక్టరీల నుంచి మోసుకొచ్చే తెల్ల బురద ఆ రోడ్డు మీద ఎండి ఉంటుంది. ఎండలో అది ఉత్త దుమ్ము, నాలుగు చినుకులు పడితే సబ్బు. ఈ సంగతి ఏసేపుకు ఒకరు చెప్పాలా? ఆ బురద పుట్టేదే అతని మిషన్ కింద! అయినా ఒక ఆదివారం పొద్దున, వాన తుంపర పడుతున్నా, ఆరాధన మొదలవుతుందని బండిని తరిమాడు. మలుపులో బండల లారీ ఆగి ఉంది. అలవాటు కొద్దీ వెనక బ్రేకునే బలమంతా పెట్టి తొక్కాడు. వెనక చక్రం జారింది, బండి అడ్డం పడింది. అతనికి మోచెయ్యి గీసుకుపోయింది. జ్ఞానమణి ఎడమ కాలు బండి కింద నలిగి విరిగింది. ఇద్దరి తలకూ హెల్మెట్ లేదు. ఆమె తల రోడ్డు పక్కనున్న ఇసుకకుప్పకు తగిలింది కాబట్టి బతికింది.

కాలు అతుక్కుంది, కుంటు మిగిలింది. ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అన్నం పెడుతుంది, మాట్లాడుతుంది, ప్రార్థనలో అతని పేరు చెబుతుంది. వెనక మాత్రం కూర్చోదు. ప్రతి ఆదివారం అతను అడుగుతాడు, ఆమె తల అడ్డంగా ఊపి షేర్ ఆటో ఎక్కుతుంది. అంత పెద్ద బండి మీద ఒక్కడే కూర్చుని, ఆటో పొగ మింగుతూ ఏసేపు వెనకే పోతాడు. ఆటోకు కాపలానా అప్పా అని దారిలో వాళ్ళు ఆటపట్టిస్తే పైకి నవ్వుతాడు గానీ, లోపల ఏడుపొస్తుంది. చర్చిలో ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. ఇంట్లో పని, ఫ్యాక్టరీలో పని. వారమంతటికీ ఆ దారిలోనే వాళ్ళు ఒకరికొకరు దక్కేవాళ్ళు. అదీ పోయింది.

బండి బాగుచేసిన మెకానిక్ ఒక మాట చెప్పాడు. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా బిగించాలి, ఎక్కువ ఆపేది ముందుదే అని. ఏసేపు ఆ పూట అన్నం తినలేదు. ఆనాటి నుంచి సాయంత్రాలు ఖాళీ సంత మైదానంలో, కొత్తగా నేర్చుకునేవాడిలా ఒంటరిగా తిరిగాడు. తాను నేర్పినవాళ్ళ ఇండ్లకు పోయి, తప్పు చెప్పానని ఒప్పుకుని, తీగలన్నీ మళ్ళీ బిగించాడు. రెండు హెల్మెట్లు తెచ్చి గోడకు తగిలించాడు. రెండోదాన్ని ఆమె ముట్టలేదు.

ఉన్నట్టుండి ఒక రోజు, తన అక్క కృపమణి దగ్గర స్కూటర్ అడిగి తెచ్చి, తనకు నడపడం నేర్పమంది జ్ఞానమణి. ఏసేపు ప్రాణం లేచొచ్చింది. భయం పోతే తన వెనక కూర్చోకపోతుందా అనుకున్నాడు. రోజూ స్కూటర్ పక్కన పరుగెత్తుతూ, రెండు బ్రేకులూ కలిపి పట్టడం, చినుకు పడితే ముందే వేగం తగ్గించడం చెయ్యి పట్టి నేర్పాడు. ఆమె అతని కంటే బాగా నేర్చుకుంది.

ఆదివారం ఆమె హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ ఎక్కింది. తన బండి తియ్యబోతున్న ఏసేపును పిలిచింది.

“యాడికి పోతాండావు? నా ఎనక కూచో. కలిసి పోదాం.”

పరుగున వచ్చి కూర్చున్నాడు. స్కూటర్ కదిలింది. పట్టుకోవడానికి చేతికి హ్యాండిల్ లేదు, తొక్కడానికి కాలికి బ్రేకు లేదు. కళ్ళకు ఆమె వీపు తప్ప రోడ్డు సరిగ్గా కనపడలేదు. ఊరు దాటగానే గొర్రెల మంద అడ్డమొచ్చింది. ఆమె తొణక్కుండా ఆపింది, అతను నేర్పినట్టే. అయినా ఏసేపు కాలు, అక్కడ లేని బ్రేకును తొక్కింది. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. దిగేశాడు.

“నువ్వు పో మణీ. నేను నా బండేసుకుని వస్తా.”

ఆమె కోప్పడలేదు. హెల్మెట్ అద్దం పైకెత్తి అతని ముఖంలోకి చూసింది.

“నీ మింద కోపంతో కాదయ్యా నేను కూచోనిది,” అంది మెల్లగా. “నాకూ ఇట్లే ఉంటాది. నువ్వు ఎంత బాగా నడిపినా ఇట్లే ఉంటాది.”

మంద దాటిపోయాక ఆమె వెళ్ళింది. ఆమె కనపడినంత దూరం చూస్తూ ఏసేపు రోడ్డు పక్కనే నిలబడిపోయాడు. ఇక ఎప్పుడూ ఆమెను కూర్చోమని అడగకూడదని అతనికి అర్థమైంది.