నీళ్ల కూత

ఊళ్లో ముగ్గురు పాపయ్యలున్నారు గనక గొర్రెల పాపయ్యను కువైట్ పాపయ్య అంటారు. కువైట్ అన్న మాట వినగానే ఎవరికైనా అత్తరూ బంగారమూ గుర్తుకొస్తాయి. ఆయనకు మాత్రం ఆ పేరు వింటే మొహం ముడుచుకుపోతుంది. పోయినవాడు అక్కడా గొర్రెలే కాశాడు, తిరిగొచ్చి ఇక్కడా గొర్రెలే కాస్తున్నాడు. తేడా ఒక్కటే. పోకముందు ఆయన నీళ్ల కూత పెడితే రెండు చేల అవతలి మందలు కూడా తలెత్తి చూసేవి. వచ్చాక ఆ కూత పెట్టడం మానేశాడు.

సి.ఎస్.పురం చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో మందను అదిలించే అరుపులు చాలా ఉన్నాయి. అవన్నీ జీవాన్ని ముందుకు తోలేవే. మేత వదిలేసి మనిషి దగ్గరికి పరుగెత్తుకొచ్చేలా చేసేది మాత్రం నీళ్ల కూత ఒక్కటే. నాలుకను అంగిటికి కొట్టి గరగరలాడించి, చివర సాగదీస్తారు. రోజూ తొట్టి దగ్గర నీళ్లు తాగేటప్పుడు వింటేనే అది జీవానికి పట్టుబడుతుంది. దానికి ఒక కట్టుబాటుంది. పాపయ్యకు అది తండ్రి గంగయ్య చెప్పాడు.

"నీళ్లు కంటితో చూసినాకనే కూత పెట్టాల నాయనా. నోరులేని జీవాన్ని ఒక్కసారి మోసం చేసినావంటే మళ్ల దాని మొహం చూడలేవు."

వరసగా మూడేళ్లు వానల్లేక బోర్లు ఎండిపోయాయి. మందను అమ్మేసి పాపయ్య విమానమెక్కాడు. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచిన నెలల పిల్లను మాత్రం అమ్మలేక భార్య రమణమ్మ దగ్గర వదిలాడు. మొహం మీద తెల్లమచ్చ ఉన్న దాని పేరు బొల్లి. పోయేలోపు దానికి కూత నేర్పే పోయాడు.

కువైట్ ఎడారిలో ఒక షేకు మంద ఆయన చేతికొచ్చింది. తోడుగా సూడాన్ నుంచి వచ్చిన ముసలాయన ఇద్రీస్. కనుచూపు మేర ఇసుకా, దూరంగా చమురు బావుల మంటలూ తప్ప మరేమీ లేదు. పాపయ్యకు అరబ్బీ రాదు, గొర్రెలకు తెలుగు రాదు. నెల తిరిగేసరికి ఆ మంద ఆయన కూతకు పరుగెత్తుకొస్తుంటే ఫోన్లో రమణమ్మకు చెప్పి పొంగిపోయాడు.

"అరబ్బు గొర్రెలు మన మాట నేర్చినాయే."

అలా మూడేళ్లు బాగానే గడిచింది. నాలుగో ఏడు ఎండాకాలంలో రెండు రోజులు నీళ్ల ట్యాంకరు రాలేదు. జీవాలు నాలుకలు బయటపెట్టాయి. నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయేమోనని పాపయ్య మందను ఎప్పుడూ పోని వైపు తోలుకుపోయాడు. ఒక దిబ్బ ఎక్కి చూస్తే అవతల పల్లంలో ఏదో తళతళ మెరిసింది. ఒడ్డున నాలుగు పక్షులు కదలకుండా నిలబడి ఉన్నాయి. మన దగ్గర కొంగ అట్లా కదలకుండా నిలబడితే అక్కడ నీళ్లున్నట్టే, చేపలు కూడా ఉన్నట్టే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అలాగే చూసినవాడు, ఇంకోలా ఎందుకు అనుకుంటాడు? కంటితో చూశాననుకున్నాడు. కూత పెట్టాడు.

జీవాలన్నీ ఆయన్ను దాటుకుని పరుగెత్తాయి. పాపయ్య దిగివచ్చేసరికి వాసన ముక్కుకు కొట్టింది. పక్షులు నిలబడలేదు, కాళ్లు తారులో కూరుకుని నిలబడ్డట్టే చచ్చిపోయి ఉన్నాయి. అరవై గొర్రెలు ఆ నల్లటి మడుగులో దిగిపోయాయి. అవి మెడలు తిప్పి ఆయన వైపే చూస్తూ అరిచాయి.

ముప్పై ఏళ్ల కిందట పక్క దేశం సైన్యం వెనక్కి పోతూ పోతూ చమురు బావులకు నిప్పుపెట్టిందనీ, అప్పుడు పొంగి పారిన చమురు పల్లాల్లో ఇలా నిలిచిపోయిందనీ ఇద్రీస్ చెప్పాడు. నిప్పుపెట్టినవాళ్లు పోయారు. ఆర్పినవాళ్లకు దేశదేశాల్లో పేరొచ్చింది. ఆ చమురు ఎవరికి చెందాలని కొట్టుకున్న పెద్దమనుషులంతా తర్వాత బల్ల చుట్టూ కూర్చుని కాఫీ తాగే ఉంటారు. మడుగు మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. అక్కడ మేపమని ఎవరన్నారని అందరూ కలిసి గొర్రెలవాణ్ణే అడిగారు. షేకు ఆయన్ను విమానమెక్కించి పంపేశాడు.

ఇంటికొచ్చిన రోజు బొల్లి ఆయన్ను గుర్తుపట్టి చేతులు నాకింది. పాపయ్య దాని మెడ పట్టుకుని ఏడ్చాడు. ఎందుకు ఏడ్చాడో రమణమ్మకు ఒక్కసారే చెప్పాడు, మళ్లీ ఆ ఊసెత్తలేదు. బొల్లి ఈనిన పిల్లలతోనూ, కొన్న నాలుగైదు గొర్రెలతోనూ నాలుగేళ్లలో ముప్పై జీవాల మంద అయింది. ముందు పాపయ్య, వెనక బొల్లి, దాని వెనక మంద. అట్లా నడిపించుకునే తొట్టి దగ్గరికి తీసుకుపోయేవాడు.

"కూత లేకుండా ఎన్నాళ్లు తిప్పుతావయ్యా? వాటికీ నేర్పరాదా?" అని రమణమ్మ అడిగేది.

"అబద్ధం కూసిన నోరిది. నేర్పను," అనేవాడు.

ఈలోగా కనిగిరి రోడ్డును వెడల్పు చేయడం మొదలుపెట్టారు. ఊరి బీడులో తారు కలిపే ప్లాంటు పెట్టారు. వాడేసిన ఆయిలూ, డ్రమ్ముల అడుగు మడ్డీ పారబోయడానికి పక్కనే ఒక గుంత తీశారు. ఈ ఏడు ఎండాకాలం మొదట్లో మళ్లీ ఆ చమురు దేశాల్లోనే యుద్ధం వచ్చింది. ఓడలు ఆగిపోయాయి, తారు రావడం లేదు అంటూ ప్లాంటువాళ్లు తాళాలేసి వెళ్లిపోయారు. కాపలాకు ఏబేలు ఒక్కడే మిగిలాడు. ఎక్కడో ఓడ ఆగితే సి.ఎస్.పురం పక్కన ఒక గుంత దిక్కులేనిదవుతుందని ఎవరనుకుంటారు?

ఆ గుంత చూసిన రోజే పాపయ్య ఏబేలు దగ్గరికి పోయాడు.

"ఏబేలూ, దీన్ని పూడ్చమని చెప్పు. నేను చూసినా ఇట్లాంటిది. మందలు మందలే పోతాయి."

"ఫోన్ చేసినా అన్నా. పని మళ్ల మొదలైనాక చూస్తామన్నారు," అన్నాడు ఏబేలు.

ఎవరికోసమూ చూడకుండా పాపయ్యే చిల్లకంప నరికి గుంత చుట్టూ పేర్చడం మొదలుపెట్టాడు. చేతుల నిండా ముళ్లు దిగాయి. మూడు రోజుల్లో మూడు వైపులు పూర్తయ్యాయి. నాలుగో వైపు ఒక్కటే మిగిలింది.

నాలుగో రోజు మంద వేపచెట్టు నీడన పడుకుంది. ఆయన కొంచెం అవతల కంప నరుకుతున్నాడు. ముందురోజు పడిన నాలుగు చినుకులు గుంతలో మడ్డి మీద నిలిచి మెరుస్తున్నాయి. తలెత్తి చూసేసరికి జీవాలు లేచి తెరిచి ఉన్న ఆ వైపే సాగుతున్నాయి. ముసలిదైన బొల్లి వెనకే ఉండిపోయింది. పాపయ్య కొడవలి పారేసి అరుస్తూ పరుగెత్తాడు. ఆ అరుపులు వాటిని ఇంకా ముందుకే తోలాయి.

అప్పుడు ఆయన నోట్లోంచి నీళ్ల కూత వచ్చింది. నాలుగేళ్లు మూసిపెట్టిన కూత బీడంతా వినబడింది. ఒక్క తల కూడా తిరగలేదు. అది ఏమిటో వాటికి తెలియదు, ఆయనే నేర్పలేదు. బొల్లి ఒక్కటి చెవులు నిక్కించి, కుంటుకుంటూ ఆయన వైపు వచ్చింది.

వెనకున్నవాటిని పాపయ్య అడ్డంపడి కర్రతో మళ్లించాడు. పదకొండు దిగిపోయాయి. ఏబేలు తాడు తెచ్చాడు. ఇద్దరూ కలిసి నాలుగింటిని బయటికి లాగారు. మూతుల నిండా మడ్డి. ఒడ్డునే ఒకదాని తర్వాత ఒకటి ఊపిరి వదిలాయి. పాపయ్య వాటి మధ్య కూర్చుని, నేర్పి చంపినవి అరవై, నేర్పక చంపినవి పదకొండు అని తనలో తాను అనుకున్నాడు.

చేనులోంచి రమణమ్మ పరుగెత్తుకొచ్చింది.

"కూత విని వచ్చినా. నువ్వేనా పెట్టింది?"

"నేనే."

ఇందాక ఆయన కూత పెట్టిన చోటే బొల్లి ఇంకా నిలబడి ఉంది. కూత పెట్టారు గనక నీళ్లుంటాయని చూస్తోంది. పాపయ్య లేచి వెళ్లి తన సీసాలోని నీళ్లు అరచేతిలో పోసి దాని మూతి దగ్గర పెట్టాడు. అది ఒకసారి వాసన చూసి వెనక్కి జరిగింది. ఆయన చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

రమణమ్మ తన దోసిలి పట్టింది.

"పొయ్యయ్యా," అంది.

ఆయన పోశాడు. బొల్లి ఆమె చేతుల్లో తాగింది.