నీలం మూల

పోయిన నెల ఒక సోమవారం పొద్దున అక్క కూతురు ఫోన్ చేసింది. "ఆంటీ, మమ్మీ పోయింది. చాయ్ పెట్టమంది, తెచ్చేలోపే..." అని ఆగిపోయింది. చాయ్ చల్లారితే ఊరుకునే మనిషి కాదు అక్క. ఆ ఒక్క కప్పే తాగకుండా వెళ్ళిపోయింది.

సచిన్ అనే ఫ్యాక్టరీల ఊళ్ళో మేం పనిచేసే యూనిట్‌లో టీవీ తెర వెనక వెలిగే బోర్డులు తయారవుతాయి. అక్కడి చెకింగ్ లైన్‌కి ఆవిడే పెద్ద. నాకు సొంత అక్క కాదు, అందరికీ అక్కే, యజమాని సేఠ్‌కి కూడా. నేను ఖర్చులు లెక్కగట్టే సీటులో ఉంటాను. రైల్వే ఉద్యోగి కూతుర్ని కదా, ఊళ్ళు తిరిగి నాకు పుస్తకాల తెలుగే అబ్బింది. అది విని అక్క "జర మామూలుగ మాట్లాడు బిడ్డా, రేడియో ఇన్నట్టున్నది" అని ఏడిపించేది.

పాత టీవీల వెనక పెద్ద బల్బులు కొన్నే ఉండేవి. ఇప్పుడు ఆవగింజంత బల్బులు వేలల్లో పరుస్తారు. బొమ్మలో చీకటి ఉన్నచోట అక్కడి బల్బుల గుంపు వరకే ఆరిపోతుంది, అందుకే తెరమీద రాత్రి నిజంగా నల్లగా కనిపిస్తుంది. ఒక్కో బల్బు చవకే. ఒక్కో గుంపునూ విడిగా ఆడించే చిప్పులకే ఖర్చు. నేనిది వివరించబోతే అక్క ఒక్క ముక్కలో తేల్చేసింది: "వెలిగించుడు అగ్గువనే. జాగ జూసి ఆర్పుడే పిరం." మా ఇంట్లో గొడవలకి కూడా నేనీ మాటే వాడుతున్నాను.

అంతకుముందు ఆవిడ ఖటోదరా అనే బట్టల మిల్లుల పేటలో గుడ్డ చెకింగ్ చేసేది. కింద లైటున్న బల్లమీద గుడ్డ తాను పరిచి, తెగిన పోగులు పట్టుకోవడం. ఇక్కడ వెలుగుతున్న బోర్డు మీద తెల్లటి నైలాన్ గుడ్డ పరిచి చూసేది. మచ్చ ఉంటే ఇట్టే తెలిసిపోయేది. "ఆడ గుడ్డ కింద దీపం, ఈడ దీపం మీద గుడ్డ. గంతే ఫరక్" అనేది.

చిక్కల్లా ఒక్కటే. ఒక్క బల్బు చచ్చినా బోర్డు మొత్తం చెత్తలోకి పోయేది. మా సరుకు పిరమవడానికి అదే పెద్ద కారణం. ఖర్చు తగ్గకపోతే ఆర్డరు లేదని కొనేవాళ్ళు తేల్చి చెప్పారు. ఆర్డరు పోతే లైన్ మూత, లైన్‌లో ఆడవాళ్ళందరూ ఇంటికి. సేఠ్ మొహం మాడిపోయింది. మేమందరం తలలు వంచుకుని కూర్చున్నాం.

అప్పుడు అక్క అడిగింది. "ఒక్క పోగు తెగితే తాను మొత్తం పారేస్తరా ఏంది? పోగు గలిపి రఫ్ఫు జేస్తరు. గిది గూడ గట్లనే జేద్దాం."

మా ఇంజనీరు బోర్డు తిప్పి చూసి సరేనన్నాడు. ఒక బోర్డు మూలన చచ్చిన బల్బుల చోట వేడి తగిలించి, వాటిని ఊడదీసి, కొత్తవి కూర్చారు. అక్క ఇంజనీరు పక్కనే నిలబడి బల్బులు అందించింది. సాయంత్రానికి బోర్డు వెలిగింది. అందరం చుట్టూ మూగాం. అక్క గుడ్డ పరిచింది. అంతా తెల్లగా ఉంది, ఒక మూల తప్ప. ఆ మూల నీలంగా ఉంది.

ఆ బల్బులు వేరే లాటువి, అంటే వేరే విడతలో తయారైనవి; విడత మారితే తెలుపు ఛాయ మారుతుంది. అక్క నుదురు కొట్టుకుని పడీపడీ నవ్వింది. "చీరకో లాటు, జాకెట్‌కో లాటు అంటగడితే పెండ్లోళ్ళు మొఖాన కొడ్తరు. రంగులద్దే ఊర్ల బతుక్కుంట నాకే యాదికి లేకపాయె." ఆ నవ్వుకి ముందు ఇంజనీరు, తర్వాత సేఠ్, చివరికి అందరం నవ్వేశాం. భయం సగం అక్కడే పోయింది.

మర్నాటి నుంచి ప్రతి లాటులోనూ కొన్ని బల్బులు రఫ్ఫు కోసం విడిగా దాచడం మొదలైంది. చెత్త తగ్గింది, ఖర్చు దిగింది, ఆర్డరు నిలిచింది. లైన్ ఇప్పటికీ నడుస్తోంది.

ఆ నీలం మూల బోర్డుని అక్క అడిగి మరీ ఇంటికి తీసుకెళ్ళి వంటింటి గోడకి పెట్టించుకుంది. సరిపోయే బల్బులు వేసిస్తానని ఇంజనీరు ఎన్నోసార్లు అన్నాడు. "ఉండనియ్. పొద్దుగాల లేవంగనే జర నవ్వొస్తది" అనేది.

దినం నాడు లైన్ ఆడవాళ్ళందరం ఆ వంటింట్లో ఇరుక్కుని నిలబడ్డాం. అక్క లేని ఇల్లు నాకు చాలా ఖాళీగా అనిపించింది. కూతురు చాయ్ పెడుతూ స్విచ్ వేసింది. గోడ మీద, తెల్ల గుడ్డ వెనక బోర్డు వెలిగింది. ఎవరు ముందు నవ్వారో తెలియదు. అందరం ఏడుస్తూనే నవ్వుతున్నాం. పొయ్యి పైన, చాయ్ ఆవిరి వెనక, ఆ మూల నీలంగా వెలుగుతోంది.